ఉప్పు వాసన

నా జబ్బును ముందుగా కనిపెట్టింది డాక్టరు కాదు, నా చెప్పులు. పోయిన నవంబరులో, తుపాను హెచ్చరికలు వస్తున్న రోజుల్లో, ఒక ఉదయం కొట్టుకు బయల్దేరుతుంటే ఎడమకాలి చెప్పు పట్టలేదు. వానకు తోలు బిగుసుకుందేమోనని కొత్త జత కొన్నాను. వారం తిరక్కముందే అవీ పట్టలేదు. అప్పుడు కూడా చెప్పులు అమ్మినవాణ్ణే తిట్టుకున్నాను గానీ కాళ్ల వైపు చూడలేదు. నా స్వభావమే అంత. తప్పు ఎప్పుడూ ఎదుటివాడిదే అనుకుంటాను.

నా పేరు మస్తాన్. బోగోలులో వలలు, తాళ్లు అమ్మే కొట్టు ఉంది. సముద్రం మీదికి వెళ్లేవాళ్లంతా నా దగ్గరికి వస్తారు. ఇంట్లో నేను, నా భార్య షంషాద్, ఇద్దరమే. ఒక్కతే కూతురు రేష్మా, నాయుడుపేటలో కాపురం, అక్కడే స్కూల్లో టీచరు. ఇప్పుడు నేను బాగున్నాను. మెట్లెక్కుతున్నాను, కొట్లో కూర్చుంటున్నాను, మునుపటిలాగే కేకలేస్తున్నాను. మేము చేసిన పొరపాటు ఇంకొక ఇంట్లో జరక్కూడదని ఇది రాస్తున్నాను. షంషాద్‌కు ఎదురుగా చెప్పలేని మాట ఒకటుంది, అది కూడా ఇందులోనే చెప్పేసుకుంటే నా మనసు కుదుటపడుతుంది.

షంషాద్ గురించి ఒక సంగతి ముందే తెలియాలి. వంటలో ఉప్పు సరిపోయిందో లేదో ఆమె నాలుకతో చూడదు, ముక్కుతో చూస్తుంది. ఉప్పుకు వాసనేమిటని మీరు అనొచ్చు. పెళ్లయిన కొత్తలో నేనూ అన్నాను. ఉప్పుకు వాసన లేకపోయినా కూరకు ఉంటుందనీ, ఉప్పు సరిపడా పడితే ఆ వాసన పైకి లేస్తుందనీ, లేకపోతే గిన్నె అడుగునే ఉండిపోతుందనీ చెప్పింది. రంజాన్ నెలలో ఒక్కపొద్దు ఉన్న ఆడవాళ్లు వండుతారు గానీ రుచి చూడరు. అందుకని ఆ నెలంతా సాయంత్రం నమాజు వేళకు మా వీధి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. ఈమె మూత తీసి, ఆవిరి మీదికి మొహం వంచి, ఇంకో అరచెంచా అనో, చాల్లే దించెయ్ అనో చెబుతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. మా వీధిలో మా ఇంటికి ఏమైనా గౌరవం ఉందంటే అది నా కొట్టు వల్ల కాదు, ఆమె ముక్కు వల్ల.

చెప్పుల తర్వాత ఊపిరి మొదలైంది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే ఊపిరి అందేది కాదు, లేచి కూర్చుంటే అందేది. ఒక దిండు రెండయింది, రెండు మూడయ్యాయి. గ్యాస్ అనుకుని సోడా తాగాను. షంషాద్ డాక్టరుకు చూపించుకోమని రోజూ చెప్పేది. తుపాను దాటనీ అని నేను రోజూ అనేవాణ్ణి. చివరికి నన్ను కదిలించింది పోలయ్య. అతను వేటకు పోయే మనిషి, ఇరవై ఏళ్లుగా నా దగ్గరే వలలు కొంటాడు. ఆ రోజు తాడు కావాలని వచ్చాడు. తాడు చుట్ట ఎత్తబోయి నేను సగంలో దించేసి కూర్చుండిపోయాను. అతను తాడు సంగతే మర్చిపోయి నా మొహం వంక చూశాడు.

"ఏందన్నా, ఎత్తేదానికే ఇంత ఆయాసపడతా ఉండావు? లెయ్, పోదాం" అన్నాడు.

ఎక్కడికని నేను అడగలేదు, అతను చెప్పలేదు. కొట్టు తలుపులు అతనే వేశాడు. ఆటోలో నన్ను ఇంటికి తీసుకెళ్లి, షంషాద్‌ను ఎక్కించుకుని, కావలి దాకా వచ్చి, అక్కడి డాక్టరు నెల్లూరు తీసుకుపొమ్మంటే నెల్లూరు దాకా వచ్చాడు. ఆ రోజు అతను వేటకు పోవాల్సిన రోజు.

నెల్లూరు ఆసుపత్రిలో బల్లల మీద కూర్చున్న ఆ రెండు గంటలు నాకు బాగా గుర్తు. గోడ మీద టీవీలో ఎవరో వంట చేస్తున్నారు, శబ్దం లేదు. నా పక్కన ఒక రైతు, విడవలూరు వైపు మనిషి, కాగితాలు సంచిలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఊపిరి తీస్తున్న తీరు చూసి తన నంబరు చీటీ నా చేతిలో పెట్టాడు. తనది ఊరికే చూపించుకోవడమేననీ, నన్ను ముందు వెళ్లమనీ అన్నాడు. పేరు అడగాలన్న తెలివి నాకు ఆ క్షణంలో లేదు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గుండె ఆగిపోలేదు గానీ రక్తాన్ని నెట్టే బలం తగ్గిందని, అందుకే నీరు వెనక్కి నిలిచిపోతోందని చెప్పింది. మందులు రాసింది. తాగే నీళ్లకు లెక్క పెట్టింది, రోజూ ఉదయం బరువు చూసుకోమంది. తర్వాత షంషాద్ వైపు తిరిగింది.

"అమ్మా, అసలు పని మీదే. కూరల్లో ఉప్పు బాగా తగ్గించెయ్యండి. పచ్చళ్లు, అప్పడాలు, ఎండు చేపలు వద్దు" అంది.

కూరల్లో తగ్గిస్తానని షంషాద్ తల ఊపింది. ఆ ఒక్క మాట మీద మేము తర్వాత ఎంత ఏడ్చామో ముందుకు పోతే తెలుస్తుంది.

వారం రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని ఇంటికి పంపించారు. కాళ్లు తగ్గాయి, చెప్పులు పట్టాయి. ఇక మొదలైంది చప్పిడి కూడు. పప్పు ఉడకబెట్టిన నీళ్లలా ఉండేది. వంకాయ కూరలో వంకాయ ఎక్కడుందో కంటితో చూసుకోవాల్సి వచ్చేది. నేను ముద్ద ముద్దకీ సణిగాను. ఒకసారి కంచం కూడా తోసేశాను. షంషాద్ కంచం మళ్లీ నా ముందుకు జరిపింది. తనకు విడిగా వండుకుంటున్నానని ఆమె చెప్పడం వల్ల, లోపల వంటింట్లో ఆమె కమ్మగా తింటోందనుకుని నా కడుపు ఇంకా మండేది. ఒక్క అన్నం మాత్రం బాగుండేది. ఆ మాట పైకే అన్నాను కూడా. కూరతో పనిలేదని, ఉట్టి అన్నంలో నిమ్మకాయ పిండుకుని, అంతకుముందు తినేదానికంటే రెండు ముద్దలు ఎక్కువే తినేవాణ్ణి.

చుట్టాలు సలహాలు మోసుకొచ్చారు. సైంధవ లవణం ఉప్పు కాదని ఒకరు, సముద్రపు రాళ్లుప్పు ఏమీ చెయ్యదని ఇంకొకరు. గుండె జబ్బువాళ్ల కోసమే తయారుచేసిన ఉప్పని ఒకాయన పొట్లం కూడా పంపించాడు. షంషాద్ ఫోను చేసి అడిగితే డాక్టరమ్మ గట్టిగా కసిరింది. ఏ పేరు పెట్టినా ఉప్పు ఉప్పేననీ, ఆ పొట్లంలోది నేను వేసుకునే మాత్రలతో కలిస్తే ప్రాణం మీదికి తెస్తుందనీ చెప్పింది. ఇలాంటి పొట్లాలు మీ ఇంటికీ రావచ్చు. మీ డాక్టర్ని అడక్కుండా విప్పకండి.

కొట్టు దగ్గర వేళాకోళం వేరే. ఉప్పూ కారం తినని మనిషికి ఇంక రోషమెక్కడిది, సాయిబు మెత్తబడతాడు, ఇప్పుడు ఎంత బేరమాడినా ఊరుకుంటాడు అని నవ్వేవాళ్లు. ఉప్పు పోయింది గానీ నా కోపం ఒక్క గింజ కూడా తగ్గలేదని రెండు రోజుల్లోనే వాళ్లకు తెలిసిపోయింది. అయితే ఒక దొంగతనం చేశాను, దాచను. డిసెంబరులో ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఎవరో ఎండు నెత్తళ్ల చేపలు నిప్పుల మీద కాలుస్తుంటే ఆ వాసనకు ఆగలేక రెండు నోట్లో వేసుకున్నాను. రెండంటే రెండే. ఇంటికొచ్చి నోరు కడుక్కుని మరీ లోపలికి వెళ్లాను.

జనవరి మొదట్లో బరువు మళ్లీ పెరిగింది. రెండు రోజుల్లో రెండు కిలోలు. చెప్పులు మళ్లీ మొరాయించాయి. ఈసారి ఎవరూ మోసుకుపోకుండా నేనే వెళ్లి చేరాను. డాక్టరమ్మ రిపోర్టులు చూసింది. ఇలా వచ్చి చేరిన ప్రతిసారీ గుండె కొంత బలం పోగొట్టుకుంటుందనీ, పోయింది మళ్లీ రాదనీ, ఇంకోసారి ఇలా వస్తే తాను ఏ మాటా ఇవ్వలేననీ చెప్పింది. ఆ మాట షంషాద్ ముందే చెప్పింది. నాకు అరచేతులు చల్లబడ్డాయి. భయం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది గుండెలో పుట్టలేదు, చేతుల్లో పుట్టింది.

రేష్మా సెలవు పెట్టి నాయుడుపేట నుంచి వచ్చింది. మంచం పక్కన స్టూలు లాక్కుని, స్కూల్లో పిల్లల్ని నిలదీసే గొంతుతో అడిగింది.

"నాయనా, నిజం చెప్పు. కొట్లో ఏం తింటుండావు?"

ఏమీ తినడం లేదన్నాను. నా వంకే చూస్తూ కూర్చుంది. ఆ చూపుకు నిలవలేక నెత్తళ్ల సంగతి చెప్పేశాను. అదే తప్పయింది. రెండే తిన్నానంటే నవ్వింది. రెండని ఒప్పుకున్నవాడు ఎన్ని తిని ఉంటాడో తనకు తెలుసంది. నా మీద నాకే నమ్మకం పోయేలా మాట్లాడింది. నేను షంషాద్ వైపు చూశాను, ఒక్క మాట నా తరఫున అంటుందేమోనని. ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది.

"నేను వండింది వండినట్టు తినుంటే ఇట్టా అయ్యుండదు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వార్డంతా వినేలా అరిచాను. నన్ను చంపేదాకా మీ ఇద్దరికీ తృప్తి లేదన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. రేష్మా ఏడుస్తూ బయటికి వెళ్లింది. ఆ తర్వాత మూడు రోజులు నేనూ షంషాద్ మాట్లాడుకోలేదు. నెల్లూరులోనే ఆమె చెల్లెలి ఇల్లుంది. రోజూ అక్కడ వండి, డబ్బాలో పెట్టుకుని తెచ్చి, నా ముందు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేది. నేను తినేవాణ్ణి. సూది మందులు ఎక్కుతున్నా వాపు తగ్గాల్సినంత తగ్గడం లేదని డాక్టరమ్మ తల పట్టుకునేది. ఆసుపత్రిలో కూడా నేను దొంగతిండి తింటున్నాననే అనుమానం అందరి కళ్లలో కనిపించేది. నా దిండు కింద ఆయా ఒకసారి చెయ్యి పెట్టి చూసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం సిస్టర్ వనజ నా మంచం దగ్గర కిటికీ పక్కన కూర్చుని, ఆలస్యంగా అన్నం డబ్బా విప్పింది. లోపలి పల్లెల్లో వరి పండించే ఇంటి పిల్ల. మా అందరి మీద విసుగులేని మనిషి ఆ వార్డులో ఆమె ఒక్కతే. డబ్బాలో అన్నం అడుగున గుప్పెడే ఉంది. షంషాద్ నాతో మాట్లాడకపోయినా ఇంకొకరి ఆకలి చూస్తూ ఊరుకోలేదు. మా డబ్బాలోంచి రెండు గరిటెల అన్నం తీసి ఆ పిల్ల డబ్బాలో పెట్టింది. వనజ వద్దంటూనే పెట్టించుకుని, తన పెరుగు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"అక్కా, అన్నంలో ఉప్పేసినారా?" అని అడిగింది.

"వెయ్యకుండా అన్నం ఎట్టా వండుతారమ్మా?" అంది షంషాద్.

"మా ఇళ్లల్లో వెయ్యం గదక్కా."

"అసలా?"

"అసలే వెయ్యం."

షంషాద్ చేతిలో గరిటె అలాగే ఉంది. మా ఇళ్లల్లో ఎసరు మరిగేటప్పుడు ఉప్పు వేస్తారు. మా అమ్మ వేసింది, షంషాద్ వాళ్లమ్మ వేసింది. అది ఉప్పు వెయ్యడమని కూడా మాకు తోచదు, అది అన్నం వండడం, అంతే. ఎసట్లో ఉప్పు పడిందా అని మా ఇళ్లల్లో ఎవరూ ఎవరినీ అడగరు, పొయ్యి వెలిగించావా అని అడగనట్టే. డాక్టరమ్మ కూరల గురించి చెప్పింది. ఆమె ఇంట్లో అన్నంలో ఉప్పు ఉండదు కాబట్టి అన్నం సంగతి ఆమెకు తట్టలేదు. మా ఇంట్లో అన్నం ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి చెప్పాలని మాకూ తట్టలేదు. రెండు నెలలుగా మూడు పూటలా, చప్పిడి కూర పక్కన పెట్టి, ఉప్పు పడిన అన్నం మామూలు కంటే ఎక్కువ తిన్నాను. ఒక్క అన్నం మాత్రం బాగుందని మెచ్చుకున్నాను కూడా.

నిజం చెబుతాను. నాకు ముందుగా కలిగింది సంతోషం. నేను దొంగను కాదని తేలిపోయింది. పక్క మంచం ఆయనకి, ఆయాకి, రేష్మాకి, అందరికీ వినిపించేలా చెప్పాలనిపించింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు షంషాద్ మంచం అంచు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. ఆమె ఏడవడం నేను పెళ్లయ్యాక రెండుసార్లే చూశాను. ఇది మూడోది.

"నా చేత్తోనే పెట్టినాను" అంది.

"నా చేత్తోనే తిన్నా గదా. నాకు మాత్రం తెలిసిందా?" అన్నాను.

మూడు రోజుల తర్వాత మేము మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. వనజ తన డబ్బా మూసి పక్కన పెట్టి, షంషాద్ భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ పిల్లకు ఆ పూట అన్నం లేకుండా పోయింది. సాయంత్రం డాక్టరమ్మకు చెబితే ఆమె కోప్పడలేదు. తప్పు తనదనీ, ఇక మీదట ఎవరొచ్చినా అన్నం ఎలా వండుతారని కూడా అడుగుతాననీ అంది. అంత చదువుకున్న మనిషి నా భార్య ముందు తప్పు తనదని ఒప్పుకోవడం నేను మర్చిపోను. రేష్మాకు ఫోనులో చెప్పాం.  నాయనా అని ఒక్కసారి పిలిచి, ఫోను పెట్టేసింది. నాకు ఆ పిలుపు చాలు.

అన్నంలో ఉప్పు ఆగిన ఐదో రోజుకు వాపు దిగిపోయింది. ఇంటికి పంపించారు.

ఇంటికొచ్చాక తెలిసింది, అసలు కష్టం ఇప్పుడే మొదలని. ఉప్పు లేని అన్నం నోట్లో తిరుగుతుంది గానీ గొంతు దిగదు. అంతకన్నా కష్టం షంషాద్ చేతిది. ఎసరు మరగ్గానే ఆ చెయ్యి తనంతట తాను పొయ్యి పక్క గూట్లోకి వెళ్తుంది. అక్కడే ఉప్పు జాడీ. రెండుసార్లు వేసేసి, అన్నం మొత్తం పారబోసి మళ్లీ వండింది. మూడో రోజు జాడీని తీసుకెళ్లి పై గదిలో అటక మీద పెట్టింది. గూట్లో ఆ చోటే జీలకర్ర డబ్బా పెట్టింది. చెయ్యి ఇప్పుడూ వెళ్తుంది. దొరికేది జీలకర్ర. అలా మా అన్నంలోకి జీలకర్ర వచ్చింది. కొన్నాళ్లకు రెండు లవంగాలు, ఒక బిర్యానీ ఆకు కూడా వచ్చాయి.

అక్కడి నుంచి ఆమెకు పట్టుదల పెరిగింది. వనజ ఫోనులో ఒక మాట చెప్పిందట, నాలుకను పులుపుతో మోసం చెయ్యమని. మొదటి వారం ఈమె నన్ను మరీ మోసం చేసింది, చింతపండుకు నా పళ్లు పులిశాయి. నిమ్మకాయ పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుందని ఒక కూర పాడయ్యాక తెలిసింది, దించాకే పిండాలి. ఉల్లిపాయల్ని తొందరపడకుండా ఎర్రగా వేయిస్తే వాటి తీపి కూరను నిలబెడుతుంది. ధనియాలు అప్పటికప్పుడు వేయించి దంచితే సగం ఉప్పు లోటు తీరుతుంది. కారం పెంచితే మాత్రం నోరు మండుతుంది తప్ప రుచి రాదు, మిరియాలు మేలు. మజ్జిగలో అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు నలిపి వేస్తే ఉప్పు గుర్తుకే రాదు. పప్పులో గోంగూర, చివర్లో దంచిన వెల్లుల్లి తాలింపు. ఇవన్నీ కొత్తవి కావు, మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉన్నవే. ఉప్పు ముందుండి మాట్లాడుతుంటే వీటి మాట మనకు వినపడదు, అంతే.

పోలయ్యకు ఈ సంగతంతా తెలిసింది. ఎండు చేపల వాసన కూడా నా కొట్టు ముందుకు రానివ్వలేదు. పడవ దిగగానే ఐసు పెట్టకముందే ఒక వంజరం చేప పక్కకు తీసి, ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. తాజా చేపకు ఉప్పుతో పనిలేదని అతని నమ్మకం. ఫిబ్రవరిలో తోటలవైపు నుంచి మొదటి పచ్చి మామిడికాయలు వచ్చాయి. షంషాద్ చేప ముక్కలకు పసుపు, నిమ్మరసం పట్టించి, కొత్త చింతపండుతో, మామిడికాయ వేసి, మెంతిపొడి చిటికెడు రాల్చి పులుసు పెట్టింది. పెట్టిన రోజు ముట్టనివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం వడ్డించి, ఏమంటానో అని తలుపు దగ్గర నిలబడింది.  గరిటె నేనే అందుకుని రెండోసారి వేసుకున్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి దగ్గర నవ్వుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ నెలలోనే రంజాన్ వచ్చింది. ఒక్కపొద్దులు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బుద్ధెరిగాక ఒక్కపొద్దు లేని మొదటి రంజాన్ నాకిదే. ఇంట్లో షంషాద్ ఒక్కతే ఒక్కపొద్దు ఉంటే నేను పగలు అన్నం తినాలంటే మొహం చెల్లేది కాదు. మొదటి వారంలోనే నెల్లూరు వెళ్లి చూపించుకున్నాం. గుండె కొంచెం కోలుకుందనీ, ఇంత బాగా అవుతుందని తాను కూడా అనుకోలేదనీ డాక్టరమ్మ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో షంషాద్ కళ్లు మూసుకుని దువా చేసుకుంటూనే ఉంది. ఆ రోజంతా నాకు ప్రపంచంలో ఎవరి మీదా కోపం రాలేదు.

సాయంత్రాలు మామూలుగానే గిన్నెలు మా గుమ్మంలోకి వచ్చాయి. పక్కింటి జరీనా ముందు వచ్చింది, గంజి గిన్నెతో. షంషాద్ వాసన చూసి, ఉప్పు ఎక్కువైంది, ఒక గ్లాసు నీళ్లు పొయ్యమంది. ఒక్కపొద్దు విడిచాక జరీనా నవ్వుకుంటూ వచ్చింది. గంజి చప్పిడిగా ఉందని, ఇంట్లో ఎవరికైనా పథ్యమా అని వాళ్లాయన అడిగాడట. షంషాద్ కూడా నవ్వింది. మర్నాడు ఎదురింటి వాళ్ల ఖీమా కూడా అలాగే అయింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. మూడో రోజు షంషాద్ జరీనా తెచ్చిన గిన్నె మూత తీసి, మొహం వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ముందు గదిలో కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. మెల్లగా మూత పెట్టేసింది.

"నాకు తెలవడంలా జరీనా. అంతా ఉప్పుగానే ఉండాది. ఇంక నన్ను అడగబాకమ్మా" అంది.

జరీనా వెళ్లిపోయింది. నాకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముక్కు నేర్చుకున్నదంతా నాలుక దగ్గరే గదా. నాలుక ఉప్పు మర్చిపోతే ముక్కుకు ఎవరు చెబుతారు? అంటే విడిగా వండుకుంటున్నానని చెప్పిందంతా అబద్ధమేనా? నేను కంచం తోసేసిన రోజు కూడా లోపల ఆమె తిన్నది అదే కూరేనా? ముప్పై ఏళ్లలో ఆమె కంచంలో ఏముందో నేను ఒక్కసారి కూడా చూసి ఉండను. లేచి వంటింట్లోకి వెళ్లాను. ఎప్పటి నుంచి నా కూడే తింటున్నావని అడిగాను. నవంబరు నుంచి, అంది, ఉల్లిపాయలు తరుగుతూనే.

"మీకు చప్పిడి పెట్టి నేను ఉప్పేసుకుని తినేదానికి చెయ్యి రాలా" అంది.

నాకు చెప్పడం చేతకాని మాట ఇదే. నేను బతికింది మందుల వల్ల, డాక్టరమ్మ వల్ల, వనజ వల్ల, పోలయ్య వల్ల, చీటీ ఇచ్చిన ఆ పేరు తెలియని రైతు వల్ల. వీళ్లందరికీ నేను దణ్ణం పెట్టగలను. షంషాద్‌కు ఏం పెట్టాలో నాకు తెలియదు. వీధి మొత్తం మెచ్చుకున్న ఆ ఒక్క విద్యను ఆమె నాకోసం వదులుకుంది. చెప్పకుండా, సణక్కుండా, నేను సణుగుతుంటే వింటూ వదులుకుంది. అంత ప్రేమ నాకు దక్కిందని రాసుకుంటేనే నా కళ్లు నిండుతున్నాయి.

ఆ సాయంత్రం నేను పై గదిలోకి వెళ్లి అటక మీది జాడీ దించాను. మెట్లన్నీ ఆగకుండా దిగాను. మా ఇంట్లో మా అమ్మ కాలం నుంచీ చిటికెడు ఉప్పు నాలుకకు తగిలించుకుని ఒక్కపొద్దు విడవడం అలవాటు. ఈ ఏడాది షంషాద్ అది కూడా మానేసి ఖర్జూరంతోనే విడుస్తోంది. అజాన్‌కు ఇంకా రెండు నిమిషాలుంది. ఎదురుగా కూర్చుని ఆమె అరచెయ్యి పట్టుకుని చిటికెడు ఉప్పు పెట్టాను. నా కంచం నాకే ఉండనీ, ఇక మీదట నీ కంచంలో నువ్వు ఉప్పు వేసుకో, ఆ ముక్కు నాకు మళ్లీ కావాలి, వీధికి కూడా కావాలి అన్నాను.  ఆమె నా వైపు కాకుండా అరచేతి వైపే చూస్తూ కూర్చుంది.

అజాన్ వినిపించింది. ఆమె పెదాలు కదిలాయి. ఒక్క రవ్వ వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. వెంటనే మొహం చిట్లించింది, నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపింది.

"ఉప్పు ఇంత ఉప్పగా ఉంటాదా?" అని నన్ను అడిగింది.